ఆఫీసు డార్క్ కామెడీ

భారీ సంస్థలో కింది మెట్టున పనిచేసే ఉద్యోగుల దైనందిన జీవితాన్ని నవ్వూ దిగులూ కలగలిపి చిత్రించే కథన రూపాన్ని ఆఫీసు డార్క్ కామెడీ అంటారు. నవల, కథ, నాటకం, సినిమా, టెలివిజన్ ధారావాహిక, కామిక్, యానిమేషన్ అన్నింటిలోనూ ఈ రూపం ఉంది. సంస్థకు ముఖం ఉండదు, ఉద్యోగికి అధికారం ఉండదు. చేసే పనికి అర్థం కనిపించదు, కానీ మానేస్తే జీతం ఆగిపోతుంది. ఈ ఇరుకులోంచి పుట్టే హాస్యమే ఈ రూపానికి మూలాధారం.

నిర్వచనం, పరిధి (చూ. వ్యంగ్యం, హాస్యం)

మరణం, నిరాశ, హింస, అవమానం వంటి గంభీర విషయాలను హాస్యంగా చెప్పే ధోరణికి ఫ్రెంచి కవి ఆంద్రే బ్రెతాఁ 1940లో వెలువరించిన సంకలనంతో ‘బ్లాక్ హ్యూమర్’ అన్న పేరు స్థిరపడింది. ఈ ధోరణిని ఉద్యోగ జీవితానికి అన్వయించినప్పుడు ఆఫీసు డార్క్ కామెడీ అవుతుంది.

దీన్ని మామూలు ఆఫీసు కామెడీ నుంచి వేరుచేసే లక్షణాలు మూడు. మొదటిది, కథను కింది స్థాయి ఉద్యోగి చూపులోంచి చెప్పడం. రెండోది, తప్పును ఒక చెడ్డ మేనేజరుకు అంటగట్టకుండా మొత్తం వ్యవస్థలో చూపడం. మూడోది, సమస్య పరిష్కారమై అందరూ కలిసిపోయే ముగింపును నిరాకరించడం లేదా దాన్ని అనుమానంగా చూపడం. ప్రభుత్వ యంత్రాంగం మీది వ్యంగ్యం దీనికి దగ్గరి బంధువు. అయితే బీబీసీ ధారావాహిక ‘యెస్ మినిస్టర్’ (1980–84) మంత్రి, ఉన్నతాధికారుల చుట్టూ తిరుగుతుంది కాబట్టి ఇందులోకి రాదు.

పూర్వరంగం: గుమాస్తా కథలు (చూ. రష్యన్ సాహిత్యం, కాఫ్కా)

పంతొమ్మిదో శతాబ్దంలో ప్రభుత్వ కార్యాలయాలు, న్యాయవాదుల ఆఫీసులు, బ్యాంకులు పెరిగేకొద్దీ కాగితాలకు నకళ్లు రాసే గుమాస్తా సాహిత్యంలో పాత్రగా నిలబడ్డాడు. నికొలాయ్ గోగోల్ కథ ‘ఓవర్‌కోటు’ (1842)లో సెయింట్ పీటర్స్‌బర్గ్ గుమాస్తా అకాకీ అకాకియెవిచ్ కడుపు మాడ్చుకుని కొత్త కోటు కుట్టించుకుంటాడు. కోటు దొంగలపాలవుతుంది. ఫిర్యాదు చేయబోతే పెద్ద అధికారి గద్దించి పంపుతాడు. గుమాస్తా జ్వరంతో చనిపోయి, దెయ్యమై జనం భుజాల మీది కోట్లు లాక్కుంటాడు. హెర్మన్ మెల్విల్ రాసిన ‘బార్ట్‌ల్‌బీ’ (1853)లో న్యూయార్క్ వాల్‌స్ట్రీట్ న్యాయవాది దగ్గర చేరిన గుమాస్తా, చెప్పిన పని చేయడం ఇష్టం లేదని మర్యాదగా అంటూ ఒక్కొక్క పనే మానుకుంటూ పోతాడు.

ఈ రూపానికి అందరికంటే ఎక్కువ అందించిన రచయిత ఫ్రాంజ్ కాఫ్కా. ప్రాగ్‌లోని కార్మికుల ప్రమాద బీమా సంస్థలో 1908 నుంచి 1922 వరకు ఉద్యోగం చేశాడు. ఆయన రాసిన ‘రూపాంతరం’ (1915)లో ఊళ్లు తిరిగి సరుకు అమ్మే గ్రెగర్ జామ్జా ఒక ఉదయం పురుగుగా మారి నిద్రలేస్తాడు. వెంటనే అతన్ని పట్టుకున్న బెంగ తన శరీరం గురించి కాదు, తప్పిపోయిన రైలు గురించి. కాసేపటికే ఆఫీసు నుంచి హెడ్ క్లర్కు ఇంటికి వచ్చి, ఎందుకు రాలేదని ఆరా తీస్తాడు. అసాధ్యమైన సంఘటనను ఆఫీసు హాజరు సమస్యగా చూడటం అనే ఈ పద్ధతిని తర్వాతి రచయితలెందరో వాడుకున్నారు.

చరిత్ర

*యంత్రయుగం నుంచి 1960ల దాకా*

అమెరికన్ నాటకకర్త ఎల్మర్ రైస్ ‘ది యాడింగ్ మెషిన్’ (1923)లో ఇరవై అయిదేళ్లు లెక్కలు కూడిన మిస్టర్ జీరో స్థానంలోకి కూడికల యంత్రం వస్తుంది. జీరో యజమానిని చంపుతాడు. చార్లీ చాప్లిన్ ‘మోడరన్ టైమ్స్’ (1936)లో భోజన విరామం కూడా మిగుల్చుకోవాలనుకున్న యజమాని, కార్మికుడి నోట్లో తిండి కుక్కే యంత్రాన్ని పరీక్షిస్తాడు. అకిరా కురొసావా ‘ఇకిరు’ (1952)లో దాదాపు ముప్పై ఏళ్లుగా ఫైళ్ల మీద ముద్రలు వేసిన పురపాలక అధికారికి కడుపు క్యాన్సర్ అని తెలుస్తుంది. మురికిగుంట పూడ్చమని వచ్చిన తల్లులను ఒక విభాగం ఇంకో విభాగానికి తిప్పుతూ, చివరికి మొదటి కిటికీ దగ్గరికే చేర్చే సన్నివేశం అందులోని వ్యంగ్యానికి పరాకాష్ఠ.

బిల్లీ వైల్డర్ ‘ది అపార్ట్‌మెంట్’ (1960) ప్రైవేటు కార్పొరేషన్‌ను ఈ రూపానికి కేంద్రం చేసింది. బీమా కంపెనీ గుమాస్తా బాక్స్‌టర్ ప్రమోషన్ కోసం తన గదిని పై అధికారుల రహస్య సంబంధాలకు ఇస్తుంటాడు. వాళ్లలో ఒకరి చేతిలో మోసపోయిన లిఫ్టు ఆపరేటర్ ఫ్రాన్ ఆ గదిలోనే ఆత్మహత్యాయత్నం చేస్తుంది. అంతులేని ఆఫీసు హాలును చూపడానికి కళాదర్శకుడు అలెగ్జాండర్ ట్రౌనర్ వెనక్కి పోయేకొద్దీ చిన్న బల్లలు వేయించి, వాటి దగ్గర పొట్టివాళ్లను, పిల్లలను కూర్చోబెట్టాడు. ఈ చిత్రానికి ఉత్తమ చిత్రంతో కలిపి 5 ఆస్కార్లు వచ్చాయి.

*1970ల నుంచి 1990ల దాకా*

ఇటలీలో పావొలో విల్లాజో సృష్టించిన ఉగో ఫాంతోజ్జీ అనే అకౌంటెంట్ 1971లో పుస్తకంగా, 1975లో లూచానో సాల్చే దర్శకత్వంలో సినిమాగా వచ్చాడు. అతను పనిచేసేది ‘మెగాదిత్తా’ అనే మహా కంపెనీలో. దాని అత్యున్నత డైరెక్టరు గదిలో మనిషి తోలుతో చేసిన కుర్చీలు, చేపలకు బదులు ఉద్యోగులు ఈదే అక్వేరియం ఉంటాయి. 1999 దాకా మొత్తం 10 చిత్రాలు వచ్చాయి. ‘నైన్ టు ఫైవ్’ (1980)లో ముగ్గురు మహిళా ఉద్యోగులు తమను వేధించే బాస్‌ను బంధించి ఆఫీసును తామే నడుపుతారు. బోస్టన్‌లో 1973లో మొదలైన మహిళా ఆఫీసు ఉద్యోగుల సంఘం అనుభవాలు ఈ చిత్రానికి ప్రేరణ.

ఇదే కాలంలో ఆఫీసు రూపురేఖలు మారాయి. హెర్మన్ మిల్లర్ కంపెనీకి రాబర్ట్ ప్రాప్‌స్ట్ రూపొందించిన ‘యాక్షన్ ఆఫీస్’ ఫర్నిచర్ 1964లో, దాని రెండో రూపం 1968లో మార్కెట్‌లోకి వచ్చాయి. ఉద్యోగి స్వేచ్ఛగా కదలాలన్నది ఆయన ఉద్దేశం. కంపెనీలు దాన్ని తక్కువ చోటులో ఎక్కువమందిని ఇరికించే క్యూబికల్‌గా మార్చాయి. ఈ క్యూబికల్‌నే రంగస్థలం చేసుకుని స్కాట్ ఆడమ్స్ కామిక్ ‘డిల్‌బర్ట్’ 1989 ఏప్రిల్ 16న మొదలైంది. మైక్ జడ్జ్ దర్శకత్వం వహించిన ‘ఆఫీస్ స్పేస్’ (1999) థియేటర్లలో పెద్దగా ఆడలేదు. వీడియో, టీవీల ద్వారానే అది సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల సినిమాగా పేరు తెచ్చుకుంది.

*2000 తర్వాత*

రికీ జర్వేస్, స్టీఫెన్ మర్చంట్ సృష్టించిన బ్రిటిష్ ధారావాహిక ‘ది ఆఫీస్’ 2001 జులై 9న బీబీసీ టూలో మొదలైంది. స్లౌ పట్టణంలోని కాగితాల టోకు కంపెనీ శాఖను మూసేస్తారన్న భయం కథ పొడవునా ఉంటుంది. దీని అమెరికన్ రూపం ఎన్‌బీసీలో 2005 నుంచి 2013 వరకు 201 భాగాలు నడిచింది. అందులో దిగులు పాలు తగ్గి ఆత్మీయత పెరిగింది. ‘బెటర్ ఆఫ్ టెడ్’ (2009–10), ‘కార్పొరేట్’ (2018–20), ‘సెవరెన్స్’ (2022 నుంచి) ధారావాహికలు మళ్లీ చీకటి వైపు నడిచాయి.

రకాలు

*వాస్తవిక కథనం:* అతిశయోక్తి తక్కువగా, నిత్య జీవితానికి దగ్గరగా నడుస్తుంది. బెల్జియన్ రచయిత్రి అమేలీ నోతోంబ్ 1999లో ఫ్రెంచిలో రాసి, ఇంగ్లీషులో ‘ఫియర్ అండ్ ట్రెంబ్లింగ్’గా వచ్చిన నవల ఇందుకు ఉదాహరణ. టోక్యో కంపెనీలో చేరిన యువతి ఒక్కో మెట్టూ దిగుతూ చివరికి మరుగుదొడ్ల పర్యవేక్షణకు చేరుతుంది.

*మాక్యుమెంటరీ:* డాక్యుమెంటరీ బృందం ఆఫీసును చిత్రిస్తున్నట్టు నడుస్తుంది. పాత్రలు కెమెరాతో మాట్లాడేటప్పుడు ఒకటి చెబుతాయి, వెంటనే వచ్చే దృశ్యం మరొకటి చూపిస్తుంది.

*అసంబద్ధ, ఊహాత్మక కథనం:* బూట్స్ రైలీ చిత్రం ‘సారీ టు బాదర్ యు’ (2018)లో నల్లజాతి టెలిమార్కెటర్ తెల్లవాడి గొంతుతో మాట్లాడి పైకెదుగుతాడు. ఆ దారి, కార్మికులను గుర్రపు మనుషులుగా మార్చే కంపెనీ దగ్గరికి అతన్ని చేరుస్తుంది. ‘సెవరెన్స్’లో లుమన్ కంపెనీ ఉద్యోగులు మెదడుకు శస్త్రచికిత్స చేయించుకుంటారు. ఆఫీసులో ఉన్నప్పుడు ఇల్లు, ఇంట్లో ఉన్నప్పుడు ఆఫీసు వాళ్లకు గుర్తుండవు.

*సామూహిక కథనం:* జాషువా ఫెరిస్ నవల ‘దెన్ వి కేమ్ టు ది ఎండ్’ (2007) షికాగో ప్రకటనల కంపెనీలో ఒకరి తర్వాత ఒకరు ఉద్యోగాలు కోల్పోయే కథ. దాన్ని ‘మేము’ అన్న బహువచనంలో చెప్పడం వల్ల కథకుల సంఖ్య క్రమంగా తగ్గిపోతున్నట్టు పాఠకుడికి తెలుస్తుంది.

*కామిక్, యానిమేషన్:* ‘డిల్‌బర్ట్’తో పాటు జపాన్ సాన్రియో సంస్థ సృష్టించిన ‘అగ్రెట్సుకో’ ఈ కోవలోది. నెట్‌ఫ్లిక్స్‌లో 2018 నుంచి 2023 వరకు వచ్చింది. అకౌంట్స్ విభాగంలో పనిచేసే రెడ్ పాండా పగలంతా వినయంగా తల ఊపి, రాత్రి కరోకే గదిలో డెత్ మెటల్ పాడుతుంది.

నిర్మాణ పద్ధతులు (చూ. హాస్య సిద్ధాంతాలు)

ఫ్రెంచి తత్వవేత్త ఆన్రీ బెర్గ్‌సన్ 1900లో ప్రచురించిన ‘నవ్వు’ గ్రంథంలో, జీవంతో కదలాల్సిన మనిషి యంత్రంలా ప్రవర్తించినప్పుడు నవ్వు పుడుతుందని వివరించాడు. ఆఫీసు డార్క్ కామెడీకి ఈ సిద్ధాంతం బాగా సరిపోతుంది. ఇక్కడ మనిషిని యంత్రంగా మార్చడమే సంస్థ లక్ష్యం.

*నియమాన్ని చివరిదాకా లాగడం.* ‘బెటర్ ఆఫ్ టెడ్’లో ఒక కంపెనీ తలుపులు, లిఫ్టులు, దీపాలకు మనుషుల కదలికను గుర్తించే సెన్సర్లు పెడుతుంది. అవి నల్లజాతి ఉద్యోగులను గుర్తించవు. సెన్సర్లు మార్చడం ఖర్చని, ప్రతి నల్లజాతి ఉద్యోగి వెంట తిరగడానికి తక్కువ జీతానికి ఒక తెల్లజాతి మనిషిని పెడతారు. తెల్లవారిని మాత్రమే తీసుకోవడం చట్టరీత్యా వివక్ష అవుతుంది కాబట్టి అంతమంది నల్లజాతివారినీ తీసుకోవాలి. వాళ్ల వెంట మళ్లీ తెల్లవారు కావాలి. లెక్క ప్రకారం చివరికి భూమ్మీది జనమంతా ఆ కంపెనీ ఉద్యోగులైపోవాలి. ప్రతి అడుగూ నియమానుసారమే, ఫలితం మాత్రం పిచ్చితనం.

*మర్యాద మాటున క్రూరత్వం.* ‘ఆఫీస్ స్పేస్’లో మిల్టన్ అనే గొణుగుతూ మాట్లాడే ఉద్యోగిని అయిదేళ్ల క్రితమే తొలగించారు. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. పేరోల్‌లో పొరపాటు వల్ల జీతం వస్తూనే ఉంది. సలహాదారులు వచ్చి, అతనితో మాట్లాడకుండా పొరపాటును మాత్రం సరిదిద్దుతారు. ఆ తర్వాత జీతం ఆగుతుంది, బల్ల నేలమాళిగలోకి వెళుతుంది, ఎర్ర స్టేప్లరు మేనేజరు చేతికి పోతుంది. చివరికి ఆఫీసు తగలబడుతుంది. సినిమాలో ఎవరూ మిల్టన్ మీద గట్టిగా అరవరు. మేనేజరు లంబర్గ్ ప్రతి ఆజ్ఞనూ సాగదీసిన మృదు స్వరంతోనే ఇస్తాడు.

*కార్పొరేట్ భాష.* తొలగింపుకు పునర్వ్యవస్థీకరణ అని, ఎక్కువ పనికి అవకాశమని పేరు పెట్టే భాష ఈ రూపంలో ప్రధాన హాస్య సామగ్రి.

*చిన్న వస్తువుకు పెద్ద విలువ.* స్టేప్లరు, ప్రింటరు, కాఫీ కప్పు, పార్కింగు చోటు వంటివి పాత్రల ఆత్మగౌరవానికి కొలమానాలవుతాయి. ‘సెవరెన్స్’లో త్రైమాసికపు ఉత్తమ ఉద్యోగికి ఇచ్చే వాఫిల్ విందు ఇలాంటిదే.

*పాలుపంచుకోవడం.* ఈ కథల్లో ఉద్యోగి బాధితుడు మాత్రమే కాడు. సంస్థ చేసే హానిలో చిన్న భాగం అతని చేతుల మీదుగానే జరుగుతుంది. బాక్స్‌టర్ తాళంచెవి ఇస్తాడు, టెలిమార్కెటర్ ఫోన్ చేస్తాడు. ఉద్యోగి నిస్సహాయత, అతని బాధ్యత రెండూ ఒకేసారి చూపడం వల్లనే ఈ హాస్యానికి నైతిక బరువు వస్తుంది.

విశేష ఉదాహరణ: ‘కార్పొరేట్’ (చూ. అమెరికన్ టెలివిజన్)

ఈ రూపం లక్షణాలన్నీ ఒకేచోట కనిపించే రచనల్లో ‘కార్పొరేట్’ ఒకటి. పాట్ బిషప్, మాట్ ఇంగెబ్రెట్సన్, జేక్ వైస్‌మన్ దీని సృష్టికర్తలు. అమెరికన్ కేబుల్ చానెల్ కామెడీ సెంట్రల్‌లో 2018 జనవరి 17 నుంచి 2020 ఆగస్టు 26 వరకు మూడు సీజన్లలో 26 భాగాలు ప్రసారమయ్యాయి.

కథాస్థలం హాంప్టన్ డెవిల్ అనే బహుళజాతి సంస్థ. తినే వస్తువుల నుంచి ఆయుధాల దాకా అది అమ్మనిది లేదు. ఇంగెబ్రెట్సన్, వైస్‌మన్ తమ సొంత పేర్లతోనే మాట్, జేక్ అనే జూనియర్ ఎగ్జిక్యూటివ్ ట్రైనీలుగా నటించారు. మాట్‌లో కాస్త ఆశ, మొహమాటం మిగిలి ఉంటాయి. జేక్ దేన్నీ నమ్మడు. వీళ్ల మీద ఇద్దరు మేనేజర్లు కేట్ (ఆన్ డూడెక్), జాన్ (ఆడమ్ లస్టిక్), వాళ్ల మీద సీఈవో క్రిస్టియన్ డెవిల్ (లాన్స్ రెడిక్). మధ్య మెట్టు మీదివాళ్లు కిందివాళ్లను భయపెడుతూ పైవాడికి భయపడుతూ ఉంటారు. ‘ద పవర్‌పాయింట్ ఆఫ్ డెత్’ అనే భాగంలో ఆయుధాల అమ్మకానికి స్లైడ్లు తయారుచేసే పని ట్రైనీలకు పడుతుంది. యుద్ధమంత విషయం బొమ్మలు, అక్షరాలు సర్దే ఆఫీసు పనిగా కుదించుకుపోతుంది. వెలిసిపోయిన బూడిద, నీలి రంగుల్లో చిత్రీకరణ, నేపథ్యంలో ప్రేక్షకుల నవ్వులు లేకపోవడం దిగులును నిలిపి ఉంచుతాయి.

హెచ్‌ఆర్ ఉద్యోగి గ్రేస్ పాత్రను అపర్ణ నాంచర్ల పోషించారు. హైదరాబాదు నుంచి అమెరికా వెళ్లిన తెలుగు వైద్య దంపతుల కుమార్తె అయిన ఆమె స్టాండప్ కమెడియన్‌గా పేరు పొందారు. ఉద్యోగుల బాధలు వినాల్సిన విభాగంలో కూర్చుని, తన బాధకు చోటు లేని మనిషిగా గ్రేస్ కనిపిస్తుంది.

భారతదేశంలో, తెలుగులో (చూ. తెలుగు నాటకం, తెలుగు సినిమా)

భారతీయ ఆఫీసు వ్యంగ్యం చాలాకాలం ప్రభుత్వ కార్యాలయం చుట్టూ తిరిగింది. సబ్ టీవీలో 2001లో మొదలైన హిందీ ధారావాహిక ‘ఆఫీస్ ఆఫీస్’లో పంకజ్ కపూర్ పోషించిన ముసద్దీలాల్ ఉద్యోగి కాడు, పని కోసం కాళ్లరిగేలా తిరిగే పౌరుడు. ప్రైవేటు కంపెనీలో కింది ఉద్యోగి కథను షిమిత్ అమీన్ ‘రాకెట్ సింగ్’ (2009) కంప్యూటర్ల అమ్మకాల నేపథ్యంలో చెప్పింది. ‘ది ఆఫీస్’కు హిందీ రూపం 2019లో హాట్‌స్టార్‌లో వచ్చింది.

తెలుగులో గుమాస్తా ముందుగా విషాద పాత్రగా ప్రవేశించాడు. ఆచార్య ఆత్రేయ నాటకం ‘ఎన్.జి.ఓ.’ చాలీచాలని జీతంతో సంసారం ఈదే చిరుద్యోగి కథ. దీని ఆధారంగా 1953లో ‘గుమాస్తా’ చిత్రం వచ్చింది. కె. బాలచందర్ ‘ఆకలి రాజ్యం’ (1981) ఉద్యోగమే దొరకని చదువుకున్న యువకుల ఆకలిని చేదు హాస్యంతో చూపింది. పూర్తిస్థాయి డార్క్ కామెడీగా కింది ఉద్యోగి కథను చెప్పిన తెలుగు చిత్రాల్లో రితేష్ రానా ‘మత్తు వదలరా’ (2019) ముఖ్యమైనది. నెలంతా పార్సిళ్లు మోసినా చేతికొచ్చే జీతం చూసి కుంగిపోయిన డెలివరీ కుర్రాడు స్నేహితుడి సలహాతో చిన్న మోసానికి దిగి, ఒక మరణం చుట్టూ అల్లుకున్న చిక్కుల్లో పడతాడు. హైదరాబాదులో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైన తర్వాత పెరిగిన సాఫ్ట్‌వేర్ తరం జీవితం, బెంచ్, అప్రైజల్, లే ఆఫ్ వంటి మాటలతో సహా తెలుగు వెబ్ సిరీస్‌లకు, యూట్యూబ్ హాస్యానికి ముడిసరుకైంది. వాటిలో ప్రేమకథ, స్నేహం పాలు ఎక్కువ, సంస్థ మీద విమర్శ పాలు తక్కువ.

సామాజిక శాస్త్రంతో సంబంధం (చూ. బ్యూరోక్రసీ, శ్రమ విభజన)

వ్యక్తుల ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేకుండా నియమాలు, హోదాలతో నడవడం ఆధునిక యంత్రాంగం స్వభావమని జర్మన్ సామాజికవేత్త మాక్స్ వేబర్ వివరించాడు. సి. రైట్ మిల్స్ ‘వైట్ కాలర్’ (1951), విలియం వైట్ ‘ది ఆర్గనైజేషన్ మ్యాన్’ (1956) అమెరికన్ ఆఫీసు ఉద్యోగి మనస్తత్వాన్ని పరిశీలించాయి. ఉన్న సమయమంతా నిండేదాకా పని పెరుగుతుందన్న పార్కిన్సన్ సూత్రం (1955), ప్రతి ఉద్యోగీ తనకు చేతకాని మెట్టు దాకా ఎదుగుతాడన్న పీటర్ సూత్రం (1969) వ్యంగ్యంగా చెప్పినవే అయినా నిర్వహణ శాస్త్ర చర్చల్లోకి ప్రవేశించాయి. నవ్వుముఖం పెట్టడం కూడా జీతానికి చేసే శ్రమేనని సామాజికవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో నిరూపించే ప్రయత్నం చేశారు. చేసేవారికే అనవసరమనిపించే ఉద్యోగాల గురించి మానవశాస్త్రవేత్త డేవిడ్ గ్రేబర్ 2013లో వ్యాసం, 2018లో పుస్తకం రాశాడు.

విమర్శలు

ఈ రూపం మీద ప్రధానంగా మూడు విమర్శలు ఉన్నాయి. మొదటిది, నవ్వు కోపాన్ని చల్లార్చి ఉద్యోగిని మళ్లీ అదే కుర్చీలో కూర్చోబెడుతుందన్నది. నార్మన్ సాలమన్ 1997లో ‘డిల్‌బర్ట్’ మీద రాసిన పుస్తకంలో, అది కార్పొరేట్ సంస్కృతిని ఎదిరిస్తున్నట్టు కనిపిస్తూ దానికే ఉపయోగపడుతోందని వాదించాడు. రెండోది, ఈ రచనల నిర్మాతలూ భారీ సంస్థలే కావడం. ‘కార్పొరేట్’ మొదలైన 2018లో కామెడీ సెంట్రల్ వయాకామ్ సంస్థది, ‘సెవరెన్స్’ను అందించేది ఆపిల్. మూడోది, ఏసీ గదిలోని ఉద్యోగి విసుగుకు దక్కిన చోటు ఆ గదిని ఊడ్చేవారి కష్టానికి దక్కలేదన్నది. సమర్థకులు వీటికి ఇచ్చే జవాబు: తన ఒక్కరి లోపంగా భావించిన బాధ వ్యవస్థ పెట్టినదని ఉద్యోగి గుర్తించడం మార్పుకు మొదటి మెట్టు.

ప్రాముఖ్యం

ఈ రూపం రోజువారీ భాషను, వస్తువులను కూడా మార్చింది. కాఫ్కా పేరు నుంచి, ఫాంతోజ్జీ పేరు నుంచి పుట్టిన విశేషణాలు నిఘంటువులకెక్కాయి. ‘ఆఫీస్ స్పేస్’ కోసం ప్రత్యేకంగా రంగు వేయించిన ఎర్ర స్టేప్లరును ప్రేక్షకులు కోరడంతో స్వింగ్‌లైన్ కంపెనీ తర్వాత తయారుచేసి అమ్మింది. చరిత్రకారులకు ఈ రచనలు నకలు రాసే బల్ల నుంచి టైపింగు హాలు, క్యూబికల్, డెలివరీ యాప్ దాకా పనిచోటు ఎలా మారిందో చూపే ఆధారాలు.

పని రూపం మారినప్పుడల్లా ఈ హాస్యం కొత్త చోటికి కదులుతూ వచ్చింది. ‘మత్తు వదలరా’ రెండో భాగం 2024 సెప్టెంబరులో, ‘సెవరెన్స్’ రెండో సీజన్ 2025 జనవరిలో విడుదలయ్యాయి.